మొక్కు మా అత్తది, గుండు నాది

నా తల మీది వెంట్రుకలు నావేనని నేను ఏనాడూ ధీమాగా అనుకోలేదు. మోసేది నేను, నూనె రాసేది నేను, దువ్వేది నేను. హక్కుదారు మాత్రం మా మేనత్త. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్ల పరీక్ష రాసినా, ఆమె దేవుడి పటం ముందు నిలబడి ముందుగా ఇస్తానని చెప్పేది నా జుట్టునే. తన జుట్టు ఇస్తానని ఒక్కసారీ మొక్కుకోలేదు. ఎందుకత్తా అని అడిగితే, "నాది ఇస్తే ఏముండాదిరా, సగం సవరమే కదా. దేవునికి దొంగ సరుకు ఇస్తామా?" అనేది.

ఆ అత్త పోయిన నెల కన్నుమూసింది. పొద్దున లేచి, కాఫీ తాగి, పాలవాడితో నీళ్ళ గురించి జగడమాడి, కుర్చీలో కూర్చుని అట్లాగే వెళ్ళిపోయింది. అనంతపురంలో అంగడి వెనక ఆమె వంటిల్లు. పొయ్యి పక్కన ఉప్పు జాడీ, జాడీ పైన గోడకు ఒక మేకు, మేకుకు పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి. కర్మలన్నీ అయ్యాక అత్త కూతురు, అంటే నా మరదలు, దానికేసి చూసి, "బావా, దీన్నేం చేద్దాం?" అంది. పారేయకూడదు. విప్పకూడదు. అదేమిటో మా ఇద్దరికీ తెలుసు. దాంట్లో ఒక రూపాయి బిళ్ల ఉంది, దాంతోపాటు నా తల కూడా ఉంది.

ముడుపు కట్టడం మా ఇళ్ళల్లో మామూలే. రూపాయి బిళ్లను పసుపు గుడ్డలో ముడివేసి, కోరిక చెప్పుకొని, మేకుకు తగిలిస్తారు. కోరిక తీరితే దాన్ని తీసుకుపోయి హుండీలో వేసి, ఇస్తామన్నది ఇచ్చి వస్తారు. కోరిక చెప్పుకోవడం అందరూ మనసులోనే చేస్తారు. మా అత్త మాత్రం వీధిలోకి వినపడేట్టు చెప్పేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసేది. "నేను ఆ సామిని చూసే పని లేదు, ఆయప్ప నన్ను చూస్తే చాలు" అనేది. కొంగు నడుముకు దోపుకొని, చూపుడు వేలు పైకెత్తి, కదిరి నరసింహస్వామి పటంతో బేరానికి దిగేది.

ఆ బేరంలో ఆమెకొక పద్ధతి ఉంది. దేవుడితో మాట్లాడేటప్పుడు సందు ఇవ్వకూడదు. ఒకసారి మా అమ్మ పక్కనే నిలబడి, "వాన పడితే కొబ్బరికాయ కొడతా సామీ" అని మొక్కుకుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకొని ఆపేసింది.

"ఏం మొక్కు వదినా అది? వాన పడితే అంటే, ఆయప్ప యాడో కళ్యాణదుర్గంలో రోంత చల్లి, పడింది కదా అంటాడు. మన చేనులో, శనక్కాయకు ఊడలు దిగే టయానికి, మడవ నిండా పడాల, అని చెప్పు. లేకపోతే కాయ పోయినట్లే."

వేరుశనగ చేనుకు బోరు వేసినప్పుడు కూడా నా తలే. "నీళ్ళు పడితే మా అల్లుని గుండు నీకు" అని మొక్కుకుంది. నేను భయపడలేదు. అనంతపురంలో బోరు మీద మొక్కుకుంటే తలకు ఏ ప్రమాదమూ లేదు. రాళ్ళు పడ్డాయి, దుమ్ము పడింది, బోరు బండి వాళ్ళు అన్నం తిని వెళ్ళారు. నా క్రాపు నిక్షేపంగా ఉండిపోయింది. అత్త పటం వైపు వేలు చూపించి, "వాని జుట్టు అంటే నీకు ఇష్టం లేదా, ఏంది?" అని నిలదీసింది.

మామ దీనికంతటికీ ఎడంగా ఉండేవాడు. అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని బొరుగులు నములుతూ పేపరు చదివేవాడు. ఆయనకు దేవుడి మీద ఫిర్యాదులు లేవు. ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు చారు మీద. పెళ్ళయిన నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఉప్పు లేదు" అనేవాడు. అత్త వంటింట్లోంచి, "ఉండాది" అనేది. ఆయన, "లేదే" అనేవాడు. "నీ నాలికకు లేదు, చారుకు ఉండాది" అనేది. ఇద్దరూ ఇంతకుమించి పోట్లాడుకోగా నేను చూడలేదు. మామకు రక్తపోటు ఉండేది. అత్త చిటికెడు తగ్గించే వేసేదని మాకందరికీ తెలుసు. ఆమె మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో మామకు జ్వరం వచ్చింది. దేశమంతా ఊపిరి కోసం వెతుక్కుంటున్న రోజులవి. టీవీ పెడితే చితులు, ఆపితే వీధిలో అంబులెన్సు కూత. ఆయాసం ఎక్కువైతే మామను ఆసుపత్రిలో చేర్చాం. ఇంటివాళ్ళెవరినీ లోపలికి రానివ్వరు. మాకు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. అయినా అత్త పగలంతా ఇంట్లో ఉండనంది. ఆసుపత్రి ఎదురుగా రోడ్డుకు ఇవతల కానుగ చెట్టు ఉంది. దాని కింద చాప పరిచి, చారు క్యారియరు పక్కన పెట్టుకొని కూర్చుంది. కాలేజీ ఆఫీసులో గుమాస్తాను నేను. కాలేజీ మూసేశారు కాబట్టి రోజూ పొద్దున ఆమెను స్కూటరు మీద తెచ్చి, రాత్రికి తీసుకుపోయే పని నాది.

చెట్టు కింద చాలామంది ఉండేవారు. అత్తకు ఇద్దరు దగ్గరయ్యారు. ఒకడు గోరంట్ల నుంచి వచ్చిన బస్సు కండక్టరు, వాళ్ళమ్మ లోపల ఉంది. కండక్టరు పాపం అలవాటు కొద్దీ, చెట్టు కిందికి ఎవరొచ్చినా, "జరగండప్పా, ముందుకు జరగండి" అనేవాడు. పోలీసాయన లాఠీ ఊపుతూ దూరం దూరం అని అరుస్తుంటే, ఇతను జనాన్ని దగ్గరికి జరుపుతుండేవాడు. ఇంకొకామె కణేకల్ పక్క పల్లె నుంచి వచ్చింది. వరి నాట్లకు కూలికి పోయే మనిషి, మెడలో చిన్న శిలువ. ఆమె భర్త లోపల ఉన్నాడు.

మొదటి రెండు మూడు రోజులు మామ ఫోను చేశాడు. అత్త స్పీకరు పెట్టింది, చెట్టంతా విన్నది.

"ఏమే, ఈడ చారు చానా బాగుండాది. ఉప్పు సరింగా ఏసినారు."

అత్త మొహం చూడాలి ఆ రోజు! ఊపిరాడని మనిషి నుంచి ఆ మాట వచ్చిందని సంతోషించాలో, ఆ మాటే వచ్చిందని కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. "అయితే ఆడే ఉండు, ఇంటికి రావద్దు" అని ఫోను పెట్టేసింది. పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకొని, "బాగుండాడు, జగడానికి వచ్చినాడంటే బాగుండాడు" అని అందరికీ చెప్పింది.

ఆ తర్వాత ఫోను రాలేదు. మేం చేస్తే తీసేవాళ్ళు లేరు. గొట్టం పెట్టారని గేటు దగ్గర ఎవరో చెప్పారు. అత్త తన పాత రవికె గుడ్డ ఒకటి పసుపులో ముంచి ఆరబెట్టుకొని తెచ్చి, చెట్టు కింద ముక్కలు ముక్కలుగా చింపింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కదిరి దిక్కుకు తిరిగి, వేలు ఎత్తింది.

"సామీ, గట్టిగా విను. మా ఆయప్ప బతకాల అని నేను అడగలే. బతికి మంచంలో పడేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. ఆయప్ప నా ముందర పీట ఏసుకోని కూచోవాల. నేను చేసిన చారు తాగాల. తాగి, ఉప్పు లేదు అని నన్ను అనాల. అట్ల అంటే మా అల్లుని గుండు నీకు."

కండక్టరు నా తల వైపు జాలిగా చూశాడు. ఆ జాలి ఎక్కువసేపు ఉంచుకోనివ్వలేదు మా అత్త. రెండో ముక్క తీసి, "నీ తల్లి పేరేమప్పా?" అని అడిగింది. వాళ్ళమ్మ తన కాళ్ళతో నడిచి గోరంట్ల బస్సు ఎక్కాలి, కొడుకుతో టికెట్టు కొట్టించుకోవాలి. అదీ మొక్కు. ఇవ్వాల్సింది మళ్ళీ నా గుండే. కణేకల్ ఆమె మొహమాటపడింది.

"మాకు మొక్కులు ఉండవక్కా. ప్రార్థన చేసుకుంటాం, అంతే."

"నువ్వు ప్రార్థన చేసుకోమ్మా, వద్దన్యానా? మొక్కు సంగతి నేను చూసుకుంటా. ఇద్దరం రెండు దిక్కుల నుంచి అడిగితే కాదంటారా?"

ఆ రోజు నుంచి ఆమె మామ కోసం కూడా కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేది. అత్త ఆమె భర్త కోసం కళ్ళు తెరిచి దేవుణ్ణి తిట్టేది. మధ్యాహ్నమైతే క్యారియరులో చారు చెట్టు కింద అందరికీ పోసేది. అందరూ తాగి, బాగుందనేవారు. ఉప్పు సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక ఉదయం గేటు దగ్గర మైకులో మామ పేరు పిలిచారు. వార్డు మారుస్తున్నారేమో, చారు ఇవ్వమంటున్నారేమో అనుకొని అత్త క్యారియరు పట్టుకొని లేచింది. నేను ముందుగా పోయి విన్నాను. తిరిగి వచ్చి ఆమెకు ఎట్లా చెప్పానో నాకు గుర్తులేదు. మామను మూటగా కట్టి వాళ్ళే తీసుకుపోయారు, మేం రోడ్డుకు ఇవతల నిలబడి చూశాం. నాకు ఏడుపు ఆగలేదు. అత్త ఒకే ఒక్క మాట అంది. "మొగమన్నా చూపియ్యకపోతిరి కదప్పా."

ఇంటికొచ్చాక ఆమె నేరుగా పటం ముందుకు నడిచింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. వేలు ఎత్తింది. ఇక దేవుడి పని అయిపోయిందని మేమంతా తలుపు దగ్గర నిలబడ్డాం. గొంతు రాలేదు. ఎత్తిన వేలు కాసేపు అట్లాగే ఉండి మెల్లగా దిగిపోయింది. ఆమె మాట లేకుండా నిలబడటం నేను చూడటం అదే మొదలు. మామ పోయినప్పటికంటే ఆ క్షణంలోనే నాకు ఎక్కువ భయమేసింది.

మర్నాడు నేను పోయేసరికి వంటింట్లో చారు పోపు ఘుమఘుమలాడుతోంది. అత్త పటం ముందు నిలబడి మాట్లాడుతోంది.

"నీకూ నాకూ ఉన్న సంగతి మళ్ళా తేల్చుకుందాం, యాడికీ పోవు కదా. ముందు ఆ కండక్టరు అమ్మను చూడు. ఆ కణేకల్ పిల్ల మొగుణ్ణి చూడు. ఆడ కూడా మాట తప్పినావంటే బాగుండదు."

మా అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మైలలో ఉండి దేవునితో మాట్లాడతావా వదినా?"

"నేను యాడ ముట్టుకున్యాను? దూరం నుంచి తిడతాండా. తిట్టేదానికి మైల ఏంది?"

క్యారియరు తీసుకొని స్కూటరెక్కింది. దారిలో నేను ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, ఇంత జరిగినాక కూడా ఆ సామిని నమ్ముతాండావా?"

"నమ్మకపోతే ఎవురిని తిట్టాలరా? ఇంట్లో తిట్టేదానికి ఉండే ఒక్క మనిషీ పాయె."

అని నా వీపుకు తల ఆనించి, టవరు క్లాక్ దాటిందాకా ఏడ్చింది. చెట్టు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంది. కణేకల్ ఆమె మా అత్తను చూసి మూట సర్దుకుంటోంది. భర్తను పోగొట్టుకున్న మనిషి ముందు ఎట్లా కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. అత్త ఆమె మూట లాక్కొని, "యాడికి పోతావు? కూచో. నీ ముడుపు నా కాడ ఉండాది" అంది.

కండక్టరు వాళ్ళమ్మ బయటికి వచ్చింది. కణేకల్ ఆమె భర్త కూడా వచ్చాడు. గుళ్ళు తెరవగానే అత్త నన్ను కదిరికి లాక్కుపోయింది. కండక్టరు తల్లి పేరున గుండు అయ్యింది. "అత్తా, రెండో మొక్కు కూడా దీంట్లోనే కలిపెయ్. ఒక గుండుకే రెండూ తీరవా?" అని బతిమాలాను.

"ఒక గుండు చూపిచ్చి రెండు బిల్లులు పెట్టేదానికి ఇది మీ ఆఫీసు అనుకున్యావా?"

జుట్టు మళ్ళీ వేలెడు పెరిగేదాకా ఆగింది. వారం వారం వచ్చి నా తలను వేళ్ళతో కొలిచేది. పెరిగిందనుకోగానే మళ్ళీ కదిరి, మళ్ళీ గుండు.

గుండు సంగతి దేవుడికి తెలుసు, ఊరికి తెలియదు కదా. ఆ రోజుల్లో ఎవరైనా గుండుతో కనబడితే జనం అడిగే ప్రశ్న ఒక్కటే. మా నాయన బతికుండగానే నాకు పరామర్శలు మొదలయ్యాయి. కూరగాయల అంగడివాడు దుడ్లు తీసుకోకుండా చేతులు పట్టుకున్నాడు. కాలేజీలో తోటి ఉద్యోగులు మౌనం పాటించబోయారు. ఇంటికి వచ్చినవాళ్ళకు మా నాయనే తలుపు తీసేవాడు. వాళ్ళు కొయ్యబారిపోయేవాళ్ళు. మొదట్లో ఆయన కోప్పడ్డాడు. ఆ తర్వాత సరదా పడి, లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, తన గురించి వాళ్ళు ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకునేవాడు.

ఒక ఆదివారం కణేకల్ ఆమె, ఆమె భర్త మా ఇంటికి వచ్చారు. కాలువ కింద పండిన బియ్యం ఒక చిన్న మూట తెచ్చారు. అతన్ని నేను చూడటం అదే మొదటిసారి. సన్నగా, నీరసంగా ఉన్నాడు. నా గుండు చూసి తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యో అన్నా, నాయన పోయినాడా?"

"లేదన్నా. ఇది నీ కోసం."

అతనికి అర్థం కాలేదు. భార్య నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది. అతను లేచి వచ్చి నా గుండు మీద అరచెయ్యి పెట్టాడు, ఏదో వేడి చూసినట్టు. సరిగ్గా అప్పుడే మా నాయన లోపల్నుంచి వచ్చి, "నేను పోలేదప్పా, కాఫీ తాగు" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. అత్త మాత్రం అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఊపిరి సరింగా ఆడుతాండాదా?" అని అడిగింది. ఆడుతోందన్నాడు. "అయితే సరే" అని బియ్యం మూట తీసుకుంది.

అదే గుండుతో నాకు పెళ్ళిచూపులు కూడా అయ్యాయి. పిల్ల వాళ్ళమ్మ నా తల వైపు, మా నాయన వైపు మార్చి మార్చి చూసింది. అత్తే లేచి కథంతా చెప్పింది. పిల్ల తల వంచుకొని వింటూ వింటూ, ఉన్నట్టుండి అడిగింది. "ఇంకా ఎన్ని గుండ్లు ఉన్నాయి?"

"ఒకటి ఉండాది తల్లీ" అంది అత్త. గొంతు తగ్గించి, "అది తీరేది కాదులే" అంది. ఆ పిల్ల పెళ్ళికి ఒప్పుకుంది.

తీరని ఆ ముడుపును అత్త విప్పలేదు. ఉప్పు జాడీ పైన మేకుకు తగిలించుకుంది. పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు దాన్ని చూసి, "ఈడే ఉండాది సామీ, మరిచిపోయినావేమో" అని దేవుడికి గుర్తుచేసేది. రోజూ చారు పెట్టేది, రోజూ ఉప్పు చిటికెడు తగ్గించేది. రక్తపోటు మనిషి ఇంట్లో లేకపోయినా తగ్గించేది. ఒకసారి భోజనానికి పోయి, ఆకలి మీద నేను నోరు జారాను. "అత్తా, చారులో ఉప్పు లేదు."

గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది. మేకు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వంటే చెల్లదు" అంది. అని ఇంకో గరిటె పోసింది.

ఇప్పుడు ఆ ముడుపు నా చేతిలో ఉంది. "నేను తీసుకుపోతా" అని మరదలికి చెప్పాను. ఆమె నా తల వైపు చూసి, "తీరలేదు కదా బావా?" అంది. "తీరింది" అన్నాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయన కుర్చీలోంచి లేవలేదు. చెల్లెలు పోయినప్పటి నుంచి ఆయన ఎక్కువ మాట్లాడటం లేదు. "పోయి చేపిచ్చుకో పోరా" అన్నాడు. "పరామర్శకు వచ్చేటోళ్ళకు కాఫీ నేను ఇస్తాలే."

కదిరిలో కళ్యాణకట్టలో మంగలి నా తల చూసి నవ్వాడు. అన్ని మొక్కులు మోసిన తల, నడినెత్తిన ఇప్పుడు పెద్దగా ఏమీ లేదు.

"ఏమన్నా, దీనికోసరం అనంతపురం నుంచి వచ్చినావా? ఎవురి మొక్కు?"

"మా అత్తది."

"ఏమని మొక్కుకున్యాది?"

చెప్పాను. పీట, చారు, ఉప్పు, మామ, ఆసుపత్రి, అన్నీ చెప్పాను. అతను కత్తికి కొత్త బ్లేడు వేస్తూ విన్నాడు.

"మరి ఆయప్ప పోయినాడు అంటాండావు. మొక్కు ఎట్ల తీరింది?"

"మా అత్త కూడా పోయి పక్షం దాటిందన్నా" అన్నాను. "పోయినాక ఆమె గమ్మున కూచోదు. ఈపాటికి చారు పెట్టే ఉంటాది. మా మామ ఒక గుక్క తాగి, ఉప్పు లేదు అనే ఉంటాడు."

మంగలి నా తల వంచి, నీళ్ళు చల్లాడు.